‘గార్బ్’ అంటే ఏమిటి, ఎక్కడ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గార్బ్ అంటే అసలు అర్థమేమిటి?

ఇది ఇంగ్లిష్ మాట (garb). అర్థం ఒంటి మీది బట్టలే. కాకపోతే ఏ బట్టలు పడితే అవి కాదు. చూడగానే ‘ఈ మనిషి ఫలానా’ అని చెప్పేసే బట్టలు. పాదిరి నల్ల అంగీ, మెడ దగ్గర తెల్ల పట్టీ, ఖైదీకి జైలువాళ్లు ఇచ్చే జత, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ గౌను, టోపీ, మాస్కు, సన్యాసి కాషాయం. వృత్తి, మతం, దేశం, కాలం, హోదా, సందర్భం – వీటిలో ఏదో ఒకటి ఆ బట్టల్లో కనబడాలి. కనబడకపోతే ఈ మాట అతకదు. సెలవు రోజు ఇంట్లో వేసుకునే టీషర్టును ఎవరూ గార్బ్ అనరు, అన్నా వెటకారానికే అంటారు.

ఇంకో సంగతి: గార్బ్ అంటే ఒక్క చొక్కా, ఒక్క కోటు కాదు. తల మీది పాగా నుంచి కాలి చెప్పుల దాకా అన్నీ కలిసి ఇచ్చే రూపం.

ఎలా పలకాలి? స్పెల్లింగ్ ఏమిటి?

జీ, ఏ, ఆర్, బీ. అమెరికన్లు ఆర్ గట్టిగా పలుకుతారు కాబట్టి ‘గార్బ్’. బ్రిటిష్ వాళ్ల నోట ఆర్ దాదాపు మాయమై ‘గాబ్’ అని సాగదీసినట్టు వినిపిస్తుంది. మనం అలవాటుగా చివర ఉకారం చేర్చి ‘గార్బు’ అంటాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అలా అన్నా నష్టం లేదు గానీ ఇంగ్లిష్ వాక్యంలో బ్ పొల్లుగా ఆగాలి.

టైపు చేసేటప్పుడు ఒక చిక్కుంది. ఏ, ఆర్ తారుమారైతే ‘గ్రాబ్’ అవుతుంది. రెండూ సరైన మాటలే కనుక స్పెల్‌చెక్ ఎర్రగీత గీయదు. ‘సన్యాసి గ్రాబ్‌లో వచ్చాడు’ అని అచ్చయ్యేది ఇలాగే.

డ్రెస్, క్లోత్స్ లాంటి తేలిక మాటలుండగా ఇది ఎందుకు?

రోజువారీ సంభాషణకు అక్కర్లేదు. స్నేహితుడితో ‘నైస్ గార్బ్’ అంటే విచిత్రంగా చూస్తాడు. ఇది ఎక్కువగా రాతలో కనిపించే మాట. వార్తలు, కోర్టు తీర్పులు, చరిత్ర పుస్తకాలు, నవలా వర్ణనలు దీని తావులు. అక్కడ కూడా ఒంటరిగా రాదు, ముందు ఒక విశేషణాన్ని తోడు తెచ్చుకుంటుంది: క్లెరికల్ గార్బ్, మొనాస్టిక్ గార్బ్, ప్రిజన్ గార్బ్, మిలిటరీ గార్బ్, సర్జికల్ గార్బ్, ట్రెడిషనల్ గార్బ్, రెలిజియస్ గార్బ్.

వాడకంలో ముఖ్య సూత్రం ఇదే. ఎలాంటి గార్బో, ఎవరి గార్బో చెప్పకుండా ‘హి వాజ్ వేరింగ్ గార్బ్’ అని ఆపేస్తే వాక్యం సగంలో తెగినట్టుంటుంది. ‘హి వాజ్ వేరింగ్ క్లెరికల్ గార్బ్’ అంటే నిండుతుంది. ‘ద గార్బ్ ఆఫ్ ఏ పిల్‌గ్రిమ్’ అన్నా సరే.

దీనికి బహువచనం ఉందా? ముందు ‘ఏ’ పెట్టొచ్చా?

చాలావరకు లెక్కించని నామవాచకంగానే వాడతారు, క్లోతింగ్ లాగే. అందుకని ‘టూ గార్బ్స్’, ‘మెనీ గార్బ్స్’ అని రాయకండి. పదిమంది సన్యాసుల గురించి రాసినా ‘ఇన్ మొనాస్టిక్ గార్బ్’ అని ఏకవచనంలోనే ఉంచాలి. ‘ఏ స్ట్రేంజ్ గార్బ్’ లాంటి ప్రయోగాలు సాహిత్యంలో కనిపిస్తాయి, అవి తప్పు కావు. కానీ విశేషణం లేకుండా ఉత్త ‘ఏ గార్బ్’ రాయకపోవడం క్షేమం.

క్రియగా కూడా వాడతారా?

వాడతారు, దాదాపు ఎప్పుడూ ‘గార్బ్డ్’ రూపంలోనే. ‘షి వాజ్ గార్బ్డ్ ఇన్ బ్లాక్’ అంటే నల్లని దుస్తుల్లో ఉంది. బట్టల పేరో రంగో చెప్పేటప్పుడు ‘గార్బ్డ్ ఇన్’, ఎవరిలా తయారయ్యారో చెప్పేటప్పుడు ‘గార్బ్డ్ యాజ్’: ‘గార్బ్డ్ ఇన్ సిల్క్’, ‘గార్బ్డ్ యాజ్ ఏ సోల్జర్’. ‘గార్బ్డ్ విత్’ రాయకండి.

‘ఐ గార్బ్ మైసెల్ఫ్ ఎవ్రీ మార్నింగ్’ వ్యాకరణానికి లొంగుతుంది గానీ చెవికి లొంగదు. ‘గార్బింగ్’ అనే రూపం మాత్రం ఔషధాల తయారీ గదుల్లో రోజూ వినబడే వృత్తి పదం. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

‘ఇన్ ద గార్బ్ ఆఫ్’, ‘అండర్ ద గార్బ్ ఆఫ్’ ఒకటేనా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. మొదటిదానికి రెండు అర్థాలున్నాయి. ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఏ మాంక్’ అంటే అక్షరాలా సన్యాసి దుస్తుల్లో అని. ఆ మనిషి నిజమైన సన్యాసో, దొంగ సన్యాసో ఆ నాలుగు మాటలు చెప్పవు, చుట్టూ ఉన్న వాక్యాలే చెప్పాలి. ‘ఆఫ్’ తర్వాత మనిషి కాకుండా ఒక పనో, భావమో వస్తే మాత్రం అర్థం ఆలంకారికమైపోతుంది. ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ చారిటీ’ అంటే దానధర్మాల ముసుగులో.

‘అండర్ ద గార్బ్ ఆఫ్’ ఎప్పుడూ ఈ రెండో అర్థంలోనే వస్తుంది. పైకి ఒకటి చూపించి లోపల వేరే పని చేయడం, మన మేకవన్నె పులి వ్యవహారం. ఇది భారతీయ ఇంగ్లిష్‌లో, ముఖ్యంగా తీర్పుల్లో, పిటిషన్లలో, పత్రికల్లో విరివిగా కనిపిస్తుంది. బ్రిటన్, అమెరికా రచయితలు అదే చోట ‘అండర్ ద గైజ్ ఆఫ్’, ‘అండర్ ద క్లోక్ ఆఫ్’, ‘అండర్ ద ప్రిటెక్స్ట్ ఆఫ్’ అనడానికి మొగ్గుతారు. మనది తప్పేం కాదు. కాకపోతే విదేశీ పాఠకుల కోసం రాసేటప్పుడు ‘గైజ్’ వాడితే ఎవరూ తడుముకోరు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతిసారీ ‘ముసుగులో’ పెట్టేయడం సరికాదు. ‘సమాజసేవ ముసుగులో వసూళ్లు’ అన్నప్పుడు మోసం ఉంది కనుక ముసుగు నప్పుతుంది. ‘భాష్యం చెప్పే గార్బ్‌లో కోర్టు ఒప్పందాన్ని తిరగరాయజాలదు’ అనే తరహా వాక్యంలో కోర్టుకు మోసబుద్ధి అంటగట్టడం ఎవరి ఉద్దేశమూ కాదు. హద్దు దాటకూడదన్నదే అక్కడి మాట. అలాంటప్పుడు ‘భాష్యం పేరుతో’, ‘భాష్యం పేరిట’ అంటే సరిపోతుంది. న్యాయస్థానాల వార్తలు అనువదించేవాళ్లు ఈ తేడా పట్టించుకోకపోతే మామూలు న్యాయసూత్రం కాస్తా నిందలా చదువుకోవాల్సి వస్తుంది.

చట్టంలో కూడా గార్బ్ అనే మాట ఉందట, నిజమేనా?

నిజమే, అదీ శీర్షికలోనే. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో రెండు సెక్షన్లు ‘వేరింగ్ గార్బ్ ఆర్ క్యారీయింగ్ టోకెన్’ అని మొదలవుతాయి. 140వ సెక్షన్ సైనికుడు, నావికుడు, వైమానికుడు వాడే దుస్తుల గురించి. 171వది ప్రభుత్వోద్యోగి దుస్తుల గురించి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఇవి 168, 205 సెక్షన్లయ్యాయి. గరిష్ఠ జైలుశిక్ష రెండింటికీ పాతలాగే మూడు నెలలు. జరిమానా హద్దు మాత్రం పెరిగింది: సైనిక దుస్తుల విషయంలో 500 రూపాయల నుంచి 2,000కు, ప్రభుత్వోద్యోగి దుస్తుల విషయంలో 200 నుంచి 5,000కు. జైలు, జరిమానా రెండూ వేయవచ్చు.

టోకెన్ అంటే ఇక్కడ బిళ్ల, బ్యాడ్జి, చిహ్నం లాంటివి.

భాష తెలిసినవాళ్లకు ఈ సెక్షన్లలో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, అచ్చం అదే దుస్తులు కానక్కర్లేదు, వాటిని పోలి ఉన్నా చాలు. అంటే చట్టం చూసేది కుట్టుపనిని కాదు, ఎదుటివాడి కళ్లలో కలిగే నమ్మకాన్ని. రెండు, వేసుకోవడం ఒక్కటే నేరం కాదు. తానే ఆ సైనికుడినని నమ్మించాలన్న ఉద్దేశం ఉండాలి. ప్రభుత్వోద్యోగి సెక్షన్‌లో అయితే ఉద్దేశం లేకపోయినా, జనం అలా నమ్మే అవకాశముందని తెలిసి వేసుకున్నా చాలు. నాటకంలో పోలీసు పాత్రధారి ఖాకీ తొడుక్కుని రంగస్థలం ఎక్కితే ఇవి వర్తించవు, తాను పోలీసునని ఎవరినీ నమ్మించడం లేదు కాబట్టి. అదే ఖాకీతో రోడ్డెక్కి బండ్లు ఆపితే లెక్క వేరు.

1923 నాటి అధికార రహస్యాల చట్టం 6వ సెక్షన్ ఇలాంటి విషయాన్నే చెబుతూ ‘యూనిఫాం’ అనే మాట వాడింది. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మాటల పరిధి తెలుస్తుంది. యూనిఫాం అంటే నిబంధనల్లో రాసిపెట్టిన దుస్తులు. గార్బ్ అంతకన్నా విశాలం, రాసిపెట్టకపోయినా చూడగానే పోల్చుకోగలిగే దుస్తులన్నీ అందులోకి వస్తాయి.

తెలుగులో గార్బ్‌ను ఏమనాలి?

ఒక్క మాటతో అన్నిచోట్లా పని జరగదు. నిఘంటువుల్లో మొదట కనిపించేది ‘వేషం’. వేషంలో పెద్ద చిక్కుంది. మన చెవికి అది సగం నటన, సగం మోసం. ‘వేషాలు వేయకు’ అన్నామంటే దుస్తుల ఊసే లేదు. నిజమైన క్రైస్తవ సన్యాసిని తన మఠం దుస్తుల్లో న్యాయస్థానానికి వచ్చిందని ఇంగ్లిష్ వార్తలో ఉంటే, తెలుగులో ‘సన్యాసిని వేషంలో వచ్చింది’ అని రాస్తే ఆమె దొంగ సన్యాసిని అయిపోతుంది. అక్కడ ‘సన్యాసిని దుస్తుల్లో’ అనాలి. దొంగ భిక్షువు ఇంట్లో చొరబడిన వార్త అయితే ‘భిక్షువు వేషంలో’ అనడమే సరైనది. ముందు మనిషి అసలో నకిలీయో తేల్చుకుని తర్వాత మాట ఎంచుకోవాలి.

‘వేషధారణ’ పత్రికల్లో కొంత తటస్థంగానే నడుస్తోంది: ‘సంప్రదాయ వేషధారణలో యువతులు’ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. ‘వస్త్రధారణ’ ఇంకా శుభ్రమైన మాట, అధికారిక రాతకు నప్పుతుంది. కాకపోతే అది అటైర్‌కే ఎక్కువ దగ్గర. ‘ఉడుపులు’ కథల్లో, పాత కాలపు వర్ణనల్లో అందంగా ఉంటుంది, వార్తలో పెడితే బిగుసుకుపోతుంది. ‘కట్టూబొట్టూ’ బట్టలకే ఆగదు, నుదుటి బొట్టు దాకా మొత్తం తీరును పట్టుకుంటుంది. ట్రెడిషనల్ గార్బ్‌కు కొన్ని సందర్భాల్లో ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

‘ఆహార్యం’ రంగస్థలం మాట. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో ఒకటి, ఆంగికం, వాచికం, సాత్వికం సరసన నిలిచేది. ఇందులో దుస్తులతో పాటు నగలు, ముఖానికీ ఒంటికీ పూసే రంగులు, రంగస్థలం మీది వస్తువులూ కలుస్తాయి. అందుకే గార్బ్ కన్నా పెద్దది. నాటకం, నృత్యం గురించి రాసేటప్పుడు తప్ప మిగతా చోట్ల దీన్ని తెచ్చి పెట్టకపోవడమే మంచిది.

ఇంకో దారి ఉంది, చాలాసార్లు అదే మేలు. తెలుగువాళ్లం సాధారణ పదం వెతుక్కోం, నేరుగా ఆ బట్ట పేరే చెబుతాం. పోలీస్ గార్బ్ అంటే ఖాకీ. లాయర్లది నల్లకోటు, డాక్టర్లది తెల్లకోటు, సన్యాసులది కాషాయం. ‘ఇన్ ద గార్బ్ ఆఫ్ ఏ లాయర్’ అన్నదానికి ‘నల్లకోటు తొడుక్కుని’ అంటే వాక్యం ఊపిరి పీల్చుకుంటుంది.

అటైర్, కాస్ట్యూమ్, యూనిఫాం, లివరీ, గెటప్... తేడాలేమిటి?

క్లోతింగ్ అన్నిటికీ పైనున్న గొడుగు మాట. అటైర్‌లో మర్యాద ఉంది. ఆహ్వాన పత్రం మీద ‘ఫార్మల్ అటైర్’ అంటారు గానీ ‘ఫార్మల్ గార్బ్’ అనరు. అపారెల్ వ్యాపారుల మాట. దుకాణాల బోర్డులు, ఎగుమతుల లెక్కలు, సుంకాల పట్టికల్లో ఉంటుంది. అంతర్జాతీయ సుంకాల వర్గీకరణలో 61వ అధ్యాయం అల్లిన దుస్తులకు, 62వది అల్లనివాటికి. రెండు శీర్షికల్లోనూ ఉన్నది అపారెలే.

కాస్ట్యూమ్ అంటే పాత్ర కోసం వేసుకున్నది, తీసేస్తే మనిషి మామూలు మనిషి. ఒక దేశానిదో కాలానిదో అయిన దుస్తులకూ ఇదే మాట వాడతారు, నేషనల్ కాస్ట్యూమ్ అలాంటిదే. ఒక మతస్థుడు రోజూ భక్తితో ధరించే దుస్తుల్ని కాస్ట్యూమ్ అంటే నొచ్చుకుంటాడు, ఎందుకంటే అది నటన అన్నట్టవుతుంది. గార్బ్ అంటే అంత నొప్పి ఉండదు.

హ్యాబిట్, వెస్ట్‌మెంట్స్ రెండూ చర్చికి సంబంధించినవే అయినా వేళలు వేరు. మఠవాసులు రోజంతా తొడుక్కునేది హ్యాబిట్, పూజ జరిపేటప్పుడు పాదిరి పైన వేసుకునేవి వెస్ట్‌మెంట్స్. క్లెరికల్ గార్బ్ అంటే పాదిరి వీధిలో కనిపించే దుస్తులు కూడా. రెగాలియా అన్నామంటే కిరీటం, రాజదండం లాంటి హోదా చిహ్నాలు వచ్చి చేరతాయి. విశ్వవిద్యాలయ స్నాతకోత్సవపు గౌను, హుడ్, టోపీని అకడమిక్ రెగాలియా అంటారు.

లివరీకి ఒక కథ ఉంది. పాత ఫ్రెంచిలో ‘అందజేసినది’ అని అర్థం. ప్రభువు తన కొలువువాళ్లకు ఇచ్చే బట్టలకు ఆ పేరొచ్చింది. అదే రంగు చూసి ఎవరి మనుషులో పోల్చుకునేవాళ్లు. లండన్ సిటీలోని వృత్తి సంఘాలను నేటికీ లివరీ కంపెనీలంటారు. ఇప్పుడు విమానాల ఒంటి మీది రంగులు, గుర్తులు కూడా లివరీయే.

గెటప్ విషయంలో జాగ్రత్త. మన సినిమా వార్తల్లో ‘కొత్త గెటప్‌లో హీరో’ అంటే పొగడ్త. ఇంగ్లిష్‌లో గెటప్ చనువు మాట, పైగా కాస్త నవ్వులాట ఉంటుంది, ‘ఇదేం అవతారం’ అన్నట్టు. పెద్దమనిషి దుస్తుల గురించి ఇంగ్లిష్‌లో రాస్తూ గెటప్ అనకండి.

ఇక మఫ్టీ. ‘మఫ్టీలో పోలీసులు’ అని మన పత్రికలు రాసే ఆ మాట గార్బ్‌కు చక్కని ఎదురుమాట. ఎవరన్నది తెలియకుండా ఉండే మామూలు బట్టలు అవి.

డిస్‌గైజ్‌కూ గార్బ్‌కూ తేడా ఏమిటి?

డిస్‌గైజ్‌లో దాచడం తప్పనిసరి. గార్బ్‌లో దాచడం ఉండొచ్చు, లేకపోవచ్చు.

గార్మెంట్, గార్బేజ్, గార్బుల్... వీటితో చుట్టరికం ఉందా?

లేదు. గార్మెంట్ ఫ్రెంచిలో ‘సమకూర్చు’ అనే అర్థమిచ్చే క్రియ నుంచి వచ్చింది. అది విడి వస్త్రం, లెక్కపెట్టవచ్చు: టూ గార్మెంట్స్, ఫైవ్ గార్మెంట్స్. గార్బుల్ అరబ్బీ ‘జల్లెడ పట్టు’ అనే మాట నుంచి ఇటాలియన్ మీదుగా చేరింది. గార్బేజ్ మొదట్లో కోళ్ల వంటి పక్షుల పేగులు, తీసి పారేసే భాగాలు. అక్షరాలు కలిశాయి గానీ రక్తం కలవలేదు.

మరి గార్బ్ ఎక్కడినుంచి వచ్చింది?

ఇటాలియన్ ‘గార్బో’ నుంచి. అర్థం సొగసు, నాజూకు, మర్యాద. ఇటాలియన్‌లో నేటికీ అదే అర్థం. ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే జర్మానిక్ మూలం, ‘గేర్’ కూడా ఆ గూటిదేనని నిఘంటువులు చెబుతాయి.

వచ్చినప్పుడు బట్టల అర్థం లేదు. మొదట సొగసు, తర్వాత తీరు, ధోరణి, ఆ తర్వాతే 17వ శతాబ్దంలో దుస్తుల తీరు. షేక్స్‌పియర్ ‘ఐదో హెన్రీ’ నాటకంలో ఒక పాత్ర వెల్ష్ సైనికాధికారి ఇంగ్లిష్ గురించి మాట్లాడుతూ ‘నేటివ్ గార్బ్’ అంటుంది. అక్కడ గుడ్డముక్క ప్రసక్తే లేదు, పుట్టుకతో వచ్చిన పలుకు తీరు అని అర్థం. ఆ నాటకం చదివే విద్యార్థులు దీన్ని ‘స్వదేశీ దుస్తులు’ అని అనువదించి బోల్తా పడుతుంటారు.

‘మూడు గార్బ్‌లు’ అని ఒక ఇంగ్లిష్ రాజచిహ్నం వర్ణనలో చదివాను. అదేమిటి?

అది వేరే మాట. రాజకుటుంబాల, పట్టణాల డాలు చిహ్నాలను వర్ణించే శాస్త్రంలో గార్బ్ అంటే గోధుమ పన, అంటే కోసిన కంకుల కట్ట. ఉత్తర ఫ్రాన్స్ పాత మాట ‘గార్బ్’ నుంచి వచ్చింది, ఇప్పటి ఫ్రెంచిలో ‘జెర్బ్’. ఇంగ్లండ్‌లోని చెస్టర్ ప్రభువుల డాలు మీద నీలం నేపథ్యంలో మూడు బంగారు రంగు పనలుంటాయి, అందుకే ఆ ప్రాంతమైన చెషైర్ చిహ్నాల్లో అవి తరచూ కనిపిస్తాయి. ఈ అర్థంలో బహువచనం నిక్షేపంగా వాడవచ్చు. ఏ అర్థమో పోల్చడానికి అదే ఒక ఆనవాలు: బంగారు రంగు, వెండి రంగు ‘గార్బ్స్’ కనబడితే అవి దుస్తులు కావు, పంట.

అమెరికా వార్తల్లో వచ్చే ‘రెలిజియస్ గార్బ్’, ‘ప్రిజన్ గార్బ్’ సంగతేమిటి?

రెండూ చట్టం చుట్టూ తిరిగే పదబంధాలే. పెన్సిల్వేనియా 1895లో ఒక చట్టం చేసింది: ప్రభుత్వ బడుల్లో పాఠం చెప్పేవాళ్లు తమ మతాన్ని తెలిపే దుస్తులు, గుర్తులు ధరించరాదని. ఇలాంటివి నెబ్రాస్కాలో, ఒరెగన్‌లో కూడా ఉండేవి. వీటిని ‘రెలిజియస్ గార్బ్’ చట్టాలనే పిలుస్తారు. ఒరెగన్ 2010లో, నెబ్రాస్కా 2017లో, పెన్సిల్వేనియా 2023లో వాటిని రద్దు చేశాయి.

ప్రిజన్ గార్బ్ విషయంలో చెప్పుకోవాల్సింది 1976 నాటి ఎస్టెల్ వర్సెస్ విలియమ్స్ తీర్పు. చూడగానే ఖైదీ అని తెలిసే దుస్తుల్లో జ్యూరీ ముందు నిలబడమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. నేరం రుజువు కాకముందే ఆ బట్టలు జ్యూరీ చెవిలో ‘వీడు దోషి’ అని ఊదేస్తాయన్నది భయం. అయితే ఆ కేసులోని నిందితుడికి ఊరట దక్కలేదు. విచారణ సమయంలో అతను అభ్యంతరం చెప్పలేదు కనుక బలవంతం జరిగినట్టు కాదని కోర్టు తేల్చింది.

ఫార్మసీల్లో ‘గార్బింగ్’ అంటారు, అదేమిటి?

ఇంజెక్షన్ల వంటి క్రిమిరహిత మందులు కలిపే గదిలోకి వెళ్లేముందు ఒళ్లంతా కప్పుకునే ప్రక్రియ. మనిషి చర్మం, జుట్టు, ఊపిరి నుంచి రాలే కణాలే ఆ గదికి పెద్ద శత్రువు. అక్కడి గార్బ్ మనిషిని మందు నుంచి కాపాడటానికి కాదు, ప్రధానంగా మందును మనిషి నుంచి కాపాడటానికి.

మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథం అమెరికా ఫార్మకోపియా 797వ అధ్యాయంలోని 2008 నాటి ప్రమాణం చెప్పిన వరుస ‘ఎక్కువ మురికి నుంచి తక్కువ మురికికి’. ముందుగా పైకోటు, నగలు, మేకప్, కృత్రిమ గోళ్లు తీసేయాలి. తర్వాత చెప్పుల మీద తొడుగులు, జుట్టుకూ గడ్డానికీ కవర్లు, మాస్కు. అప్పుడు సబ్బుతో మోచేతుల దాకా కనీసం 30 సెకన్లు కడుక్కుని తుడుచుకోవాలి. ఆపైన గౌను. చివరకు ఆల్కహాలు ద్రవంతో చేతులు రుద్దుకుని, అది ఆరాక క్రిమిరహిత గ్లవ్స్. గ్లవ్స్ అంచు గౌను మణికట్టు మీదికి రావాలి, లేకపోతే చెయ్యి చాచినప్పుడు చర్మం బయటపడుతుంది.

వరుస తప్పితే ఏమవుతుంది? చేతులు కడుక్కున్నాక బూటు తొడుగు వేసుకున్నారనుకోండి, కడిగిన చేతులు నేరుగా బూట్లను తాకుతాయి. కడగడం వృథా. ఆల్కహాలు ఆరకముందే గ్లవ్స్ తొడిగితే చెమ్మకు అవి జారవు, లాగితే చిరుగుతాయి. 2023 నవంబరు 1 నుంచి అమలైన సవరణలో ఈ వరుసను ఆ సంస్థే నిర్ణయించుకుని రాతపూర్వకంగా పెట్టుకోవాలన్నారు. అంటే అన్ని ఫార్మసీల్లో ఒకే క్రమం కనబడకపోవచ్చు.

ఈ రంగంలో ‘డ్రెస్సింగ్’ అనకండి, అది గాయానికి కట్టే కట్టు అయిపోతుంది.

మధ్యయుగ వేడుకలు చేసుకునేవాళ్లు తమ దుస్తుల్ని కాస్ట్యూమ్ అనకుండా గార్బ్ అనడానికి కారణం?

1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం వంటి సంఘాలలో ఈ వాడుక బలంగా ఉంది. అక్కడి వేడుకలకు వచ్చేవాళ్లు 17వ శతాబ్దానికి ముందు నాటి దుస్తుల కోసం కనీసం ఒక ప్రయత్నమైనా చేయాలని నియమం. కాస్ట్యూమ్ అంటే ఒక సాయంత్రానికి వేసి తీసేసేదన్నట్టు ఉంటుందని, తమది అధ్యయనంతో చేసుకున్నదని వాళ్ల భావన. కొత్తగా వచ్చినవాళ్లకు అరువిచ్చే దుస్తుల పెట్టెను ‘గోల్డ్ కీ’ అంటారు. మొదటిసారి కుట్టుకునేవాళ్లకు పెద్దలు సూచించేది టీ అక్షరం ఆకారపు ట్యూనిక్, అంటే పొడవాటి వదులు చొక్కా. దీర్ఘచతురస్రపు ముక్కలు, పక్కల త్రికోణపు అతుకులు చాలు. ఆ అతుకులు మానేస్తే మోకాళ్ల దగ్గర గుడ్డ బిగిసి అడుగు సాగదు.

గార్బ్ అంటే ఎవరినైనా నొప్పించే మాటా?

తిట్టు కాదు. కానీ దాంట్లో బయటినుంచి చూస్తున్న చూపు ఉంటుంది. ఒకరు తమ ఇంటి దుస్తుల్ని తాము గార్బ్ అనుకోవడం తక్కువ. వింతగానో, ప్రత్యేకంగానో చూసే ఎదుటివాళ్లు అంటారు. అందుకే ఒక సముదాయం గురించి గౌరవంగా రాయాలనుకుంటే ఆ దుస్తుల అసలు పేరు చెప్పడం ఉత్తమం: చీర, పంచె, కిమోనో, హిజాబ్. పేరు తెలియనప్పుడు ‘ట్రెడిషనల్ డ్రెస్’ అనండి. ‘ట్రెడిషనల్ గార్బ్’ మూడో స్థానం.

ఉద్యోగ దరఖాస్తులో, ఆఫీసు నోటీసులో ‘గార్బ్ కోడ్’ అనవచ్చా?

అనరు. డ్రెస్ కోడ్.